వీపు మీద వేలు

దెయ్యాల మీద నాకు నమ్మకం లేదు. ఇలాంటివి రాసేవాళ్ళందరూ ముందుగా ఈ మాటే అంటారని తెలుసు. అయినా అనక తప్పదు. నేను ముప్పయ్యేళ్ళు జంతుశాస్త్రం పాఠం చెప్పినవాణ్ణి. చచ్చిన ప్రాణి ఏమవుతుందో సీసాల్లో పెట్టి పిల్లలకు చూపించినవాణ్ణి. మా నాన్నగారి కర్మ రోజున పిండం దగ్గరికి కాకి వస్తే అది ఏ జాతి కాకో చూశాను గాని, అందులో ఎవరున్నారో చూడలేదు.

కిందటి వర్షాకాలం జగ్గయ్యపేట దగ్గర ఒక గుట్ట మీద జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నమ్మమని ఎవర్నీ అడగను. అడగడం మా ఇంటా వంటా లేదు.

మాది నందిగామ. పత్తి జిన్నింగు మిల్లు ఉండేది. ఊళ్ళో మమ్మల్ని ఇంటిపేరుతో ఎవరూ పిలిచేవారు కారు, మిల్లువారు అనేవారు. ఆ మిల్లు పోయి చాలా కాలమైంది. ఎలా పోయిందన్నది ఇక్కడ అక్కర్లేదు. ఇప్పుడా స్థలంలో వరసగా షాపులున్నాయి. ఒకదాంట్లో సెల్‌ఫోన్లు, పక్కదాంట్లో పురుగుమందులు. నందిగామ బజారులో నడుస్తుంటే పెద్దవాళ్ళు ఒకరిద్దరు ఇప్పటికీ నన్ను చూపించి "మిల్లువారి అబ్బాయి" అంటారు. తల నెరిసిన అబ్బాయిని. నేను సరిదిద్దను.

నాన్నగారు మాకు నేర్పినవాటిలో చివరిదాకా మిగిలింది ఒకటే. ఎక్కడ కూర్చున్నా వీపు వెనక్కి ఆనించకూడదు. "ఆనుకోడం అలవాటైనవాడు అడుక్కోడం కూడా అలవాటు చేసుకుంటాడు" అనేవారు. నేనూ మా అక్కయ్య దమయంతీ అలాగే పెరిగాం. సినిమా హాల్లో కూడా కర్ర మింగినట్టు కూర్చునేవాళ్ళం. వెనకవాళ్ళు తిట్టుకునేవాళ్ళు.

అక్కయ్య నాకంటే నాలుగేళ్ళు పెద్ద. మిల్లు బాగా నడిచిన రోజుల్లో ఆమెకు వయొలిన్ నేర్పడానికి బెజవాడ నుంచి మాస్టారు వచ్చేవారు. మిల్లు పోయాక మేము జగ్గయ్యపేటకు మారాం. నాకు అక్కడి కాలేజీలో ఉద్యోగం వచ్చింది. అక్కయ్య ఇంట్లోనే పిల్లలకు సంగీతం చెప్పేది. పెళ్ళి చేసుకోలేదు. నా భార్య పోయాక ఆ అద్దె ఇంట్లో మేమిద్దరమే మిగిలాం. ఎవరి ముందూ తలవంచకుండా బతికాం. ఆ మాట మాత్రం ధైర్యంగా చెప్పగలను.

నాకున్న పిచ్చి ఒకటే, కీచురాళ్ళు. మా వైపు కొందరు ఇలకోళ్ళంటారు. వర్షాలు పడ్డాక సాయంత్రం దీపాలు పెట్టే వేళకు గోడ మూలల్లోంచీ గట్ల మీంచీ అరిచేవి. అందరూ దాన్ని ఒకే రొద అనుకుంటారు. కాదు. అందులో ఎన్నో జాతులుంటాయి. పాడేవి మగవే. ఒక రెక్క మీద దువ్వెన పళ్ళలాంటి వరస ఉంటుంది, రెండో రెక్క అంచుతో దాన్ని గీస్తాయి. అదే పాట. ఆడవి పాడవు, వింటాయి. వాటి చెవులు ముందు కాళ్ళ మీద ఉంటాయి. తన జాతి పాట వినపడితేనే ఆడది కదులుతుంది, పక్క జాతివాడు ఎంత బాగా పాడినా కదలదు.

అందుకే ఈ పురుగుల్ని జాతులుగా విడగొట్టేవాళ్ళకు కంటికంటే చెవి ముఖ్యం. రెండు పురుగులు పక్కపక్కన పెడితే తేడా తెలియదు. రంగు అదే, తల అదే. కానీ ఒకటి రెండేసి దెబ్బలుగా పాడుతుంది, ఇంకొకటి ఆపకుండా సాగదీస్తుంది. పాట వేరైతే జాతి వేరు కావచ్చు. అప్పుడు పాటనూ పురుగునూ రెంటినీ పట్టుకోవాలి. ఏ పురుగు పాట రికార్డు చేశామో సరిగ్గా ఆ పురుగునే పట్టుకోవాలి. ఈ పనిలో కష్టమంతా అక్కడే ఉంది.

రిటైరయ్యాక ఒక రెండు వానాకాలాలు నా చుట్టూ కీచురాళ్ళు తగ్గిపోతున్నాయని గమనించాను. చేలల్లో కొట్టే మందుల వల్ల అనుకున్నాను. పత్తికీ మిరపకీ మా వైపు ఎన్నిసార్లు మందు కొడతారో అందరికీ తెలుసు. ఆ సంగతి మీద ఒక వ్యాసం కూడా రాయబోయాను. ఒక సాయంత్రం వరండాలో కూర్చుని అక్కయ్యతో అదే చెబుతున్నాను, పెరడు ఎంత నిశ్శబ్దంగా ఉందో చూడమని.

అక్కయ్య నన్ను వింతగా చూసింది.

"ఏం నిశ్శబ్దంరా ప్రసాదూ? చెవులు దిబ్బళ్ళు పడేలా అరుస్తుంటేనూ!"

నాకేమీ వినపడలేదు. కుక్క అరుపు వినపడింది, వీధిలో ఆటో వినపడింది. పెరట్లోంచి ఏమీ రాలేదు. అక్కయ్య ముందు నవ్వింది. తరవాత నా మొహం చూసి నవ్వు ఆపింది.

"పురుగులు చావలేదురా. నీ చెవులు చచ్చాయి."

వయసుతోపాటు ముందు సన్నటి స్వరాలు పోతాయి. మనిషి గొంతు చక్కగా వినపడుతుంది, కీచురాయి వినపడదు. చాలామందికి పోయిందని కూడా తెలియదు. నాకు తెలిసింది, ఎందుకంటే పోయినవే నాకు కావలసినవి. చెవిలో మిషను పెట్టుకొమ్మని డాక్టరు చెప్పాడు. మనుషుల మాటలకైతే దాని అవసరం లేదు, ఆ సన్నటి స్వరాలను అది పూర్తిగా తెస్తుందన్న హామీ ఆయనా ఇవ్వలేదు. దాన్ని తగిలించుకుని నందిగామ బజారులో నడవడం నా వల్ల కాదని వచ్చేశాను.

 వారం తరవాత ఒక సాయంత్రం అక్కయ్య చెప్పులు వేసుకుని గుమ్మం దగ్గర నిలబడింది. "పద, నేను వింటా. నువ్వు పట్టు" అంది.

అలా మొదలైంది. మా పద్ధతి ఇది. నేను టార్చి, మైకు పట్టుకుని ముందు నడుస్తాను. అక్కయ్య నా వెనకే ఉంటుంది. మాట్లాడితే పురుగు ఆగిపోతుంది కాబట్టి ఆమె మాట్లాడదు. తను వింటున్న పాటకు నా వీపు మీద వేలితో తాళం వేస్తుంది. ఎడమ భుజం కింద వేస్తే ఎడమకు వెళ్ళాలి, కుడి కింద వేస్తే కుడికి. వేలు గట్టిగా తగిలితే దగ్గరపడ్డామని. అరచెయ్యి మొత్తం వీపుకు ఆనిస్తే ఆగమని. ఆ దెబ్బల్ని నేను మెల్లగా పైకి అంటాను, రికార్డరులో గుర్తుగా పడటానికి. "రెండు, రెండు, రెండు." నా గొంతు లావుది. దానికి పురుగు అంతగా బెదరదు. ఆమె గొంతు సన్నం.

వయొలిన్ తీగలు నొక్కి నొక్కి ఆమె ఎడమచేతి వేళ్ళ కొసలు కాయలు కాశాయి. ఆ వేలితోనే కొట్టేది. చొక్కా మీంచి గులకరాయి తగిలినట్టు తెలిసేది.

మమ్మల్ని తీసుకెళ్ళే ఆటో యేసుబాబుది. అతనిది పెనుగంచిప్రోలు, పేటకు రోజూ మనుషుల్ని తోలుతాడు. బాగా చీకటి పడేలోపు వచ్చేయాలన్న షరతు మీద వచ్చేవాడు. మేము గట్ల మీద ఒకరి వెనక ఒకరం నడుస్తుంటే ఆటోలో కూర్చుని నవ్వుకునేవాడు.

"ఊళ్ళో ఏమనుకుంటున్నారో తెలుసా సార్? మిల్లువారు ఎక్కడో బంగారం పాతిపెట్టారంట, అక్కాతమ్ముళ్ళు వెతుక్కుంటున్నారంట."

"దొరికితే నీకూ ఇస్తాంలే" అనేది అక్కయ్య.

"నాకొద్దండి అమ్మగారూ. మీకు దొరికేవన్నీ కాళ్ళున్నవే."

ఆ రెండేళ్ళూ నా జీవితంలో మంచి రోజులు. కృష్ణాజిల్లా ఎగువ మెట్టలన్నీ తిరిగాం. కీసర పక్క చేలూ, మునేరు గట్లూ. ప్రతి పాటకూ అక్కయ్య ఒక నడక చెప్పేది, ఒక స్వరం చెప్పేది. ఇంటికొచ్చి కంప్యూటరులో కొలిస్తే సరిపోయేది. మేము పట్టినవాటిని పరిశోధన సంస్థలో పనిచేసే డాక్టర్ శైలజగారికి పంపేవాళ్ళం. ఆమెది మా పక్క మైలవరమే, హైదరాబాదులో ఉంటుంది. కీచురాళ్ళ జాతులు తేల్చడమే ఆమె ఉద్యోగం.

పేట దాటాక సున్నపురాయి గుట్ట ఒకటుంది. దాని పేరు రాయను. ఒకవైపు సగం అప్పటికే తవ్వేశారు. రెండోవైపు బండల సందుల్లో ఒక సాయంత్రం అక్కయ్య వేలు నా వీపు మీద ఒక కొత్త తాళం వేసింది. మూడు దెబ్బలు, చిన్న విరామం, ఒక దెబ్బ. మళ్ళీ మూడు, విరామం, ఒకటి.

మా వైపు ఆ తాళంలో పాడే పురుగు లేదు. దానికి దగ్గరది ఒకటుంది, అన్ని చోట్లా దొరికేది. అది ఆపకుండా నాలుగు దెబ్బలు వేస్తుంది. అక్కయ్య ఆ రోజు దారంతా మాట్లాడుతూనే ఉంది. ఇంటికొచ్చి వయొలిన్ తీసి ఆ తాళం వాయించింది. అరవై దాటిన మనిషి చిన్నపిల్లలా కనపడింది.

తరవాత దాన్ని రికార్డు చేశాం. బండ పక్కన సందులోంచి వస్తోంది. పాట అయ్యాక రాయి ఎత్తాం. కింద రెండు పురుగులున్నాయి. ఒకటి వెలుతురులోకి దూకింది, దాన్ని పట్టాం. రెండోది లోపలికి పోయింది.

ఈ పనిలో అందరూ ఎప్పుడో ఒకప్పుడు చేసే పొరపాటే ఇది. పాడే మగపురుగు పక్కన పాడని మగపురుగు ఒకటి నక్కి ఉంటుంది, ఒక్కోసారి దగ్గరి జాతిది కూడా. వీడి పాటకు వచ్చే ఆడదాన్ని మధ్యలో అడ్డగించడానికి. రాయి ఎత్తితే పాడేవాడు తన కలుగులోకి జారుకుంటాడు, దొంగ బయటికి దూకుతాడు. మేము దొంగను పంపాం.

కొన్నాళ్ళకు శైలజగారు ఫోన్ చేశారు. నేను స్పీకరు పెట్టాను, అక్కయ్య కూడా వినాలని. అది నేను పెట్టకుండా ఉండాల్సింది.

"సార్, పురుగు మామూలుదే. ఇక్కడ డబ్బాలో మామూలు నాలుగు దెబ్బలే పాడింది. మీ రికార్డింగులో ఉన్నది వేరే పురుగు. అదీ కొత్తదని చెప్పలేమండి. ముసలిదై రెక్క పళ్ళు విరిగుంటే ఒక దెబ్బ ఆలస్యమైనట్టు వినపడొచ్చు. అమ్మగారు పొరపాటు పడి ఉంటారు."

ఆమె మర్యాదగానే అంది. ఆమె స్థానంలో నేనున్నా అదే అనేవాణ్ణి.  ఫోన్ పెట్టేశాక అక్కయ్య మెల్లగా అంది.

"రెక్క విరిగినవాడు ఒక్కోసారి ఒక్కోలా తప్పుతాడురా. వీడు తప్పలేదు. ఒక్కసారీ తప్పలేదు. నేను విన్నా."

మా ఇంట్లో మిల్లు పోయింది, ఇల్లు పోయింది, నగలు పోయాయి. అక్కయ్యకు మిగిలింది ఆ చెవి ఒక్కటే. దాన్ని అంతదాకా ఎవరూ తప్పు పట్టలేదు. అప్పటినుంచి ఆమె సాయంత్రాలు పెరటివైపు కిటికీ తలుపులు వేసేసేది. దోమలనేది. మళ్ళీ గుట్టకు వెళ్దామంటే మోకాళ్ళ నొప్పులనేది.

ఆ చలికాలంలో పోయింది. జ్వరంలా మొదలై ఊపిరితిత్తుల్లోకి దిగింది. బెజవాడ ఆసుపత్రిలో ఆఖరి రోజుల్లో మాట సరిగా రాలేదు. ఒక మధ్యాహ్నం మంచం పక్కన కూర్చుని ఉన్నాను. ఆమె చెయ్యి నా వైపు వచ్చింది. నీళ్ళు కావాలేమో అనుకున్నాను. నా మోచేతి మీద వేలితో కొట్టింది. మూడు. ఆగింది. ఒకటి.

"వాడు వేరేరా" అంది.

"వేరే అక్కయ్యా. నేను తెస్తా" అన్నాను.

మా ఇంట్లో మాట ఇవ్వడం తేలిక కాదు. ఇస్తే వెనక్కి తీసుకోవడం ఉండదు.

వానలు మొదలయ్యాక గుట్టకు ఒక్కణ్ణే వెళ్ళాను. రికార్డరు మీద శబ్దాన్ని చూపించే మీటరుంటుంది. దాని మీద గీతలు ఎగిరేవి. కానీ వానాకాలంలో ఆ బండల్లో ఎన్నో పురుగులు ఒకేసారి పాడతాయి. గీతలు ఎగరడం కనపడుతుంది గాని, ఏ సందులో ఎవరు పాడుతున్నారో కనపడదు. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నా లాభం లేదు. అసలు వినపడని స్వరాన్ని ఎంత పెంచితే మాత్రం ఏం వినపడుతుంది? రాళ్ళు ఎత్తి చూశాను. దొరికినవన్నీ ఇంటికి తెచ్చి డబ్బాల్లో పెట్టాను. అన్నీ మామూలువే. సంగీతం తెలిసిన పిల్లల్ని ఎవరినైనా తోడు తీసుకెళ్ళొచ్చు కదా అని మీరనొచ్చు. అక్కయ్య శిష్యుల్ని అడగాలని గుమ్మం దాకా వెళ్ళి వచ్చేశాను. అడగలేకపోయాను.

భాద్రపదంలో ఒకరోజు యేసుబాబు ఇంటికొచ్చాడు.

"సార్, గుట్టకు ఆ పక్క కూడా తవ్వుతారంట. రేపు కంచె వేస్తున్నారు. వెళ్తే ఇవ్వాళే వెళ్ళాలి."

వెళ్ళాం. మధ్యాహ్నం వాన పడి వెలిసింది. బండలు ఇంకా తడిగా ఉన్నాయి. పొద్దు కుంకింది గాని ఆకాశంలో వెలుతురు ఉంది. యేసుబాబు ఆటో దగ్గర కింద నిలబడ్డాడు. నేను బండల మధ్య ఒక చోట ఆగి రికార్డరు పెట్టాను. మీటరు మీద గీతలు మామూలుగానే ఎగురుతున్నాయి. నా చెవులకు గాలి తప్ప ఏమీ లేదు. ఇక అయిపోయిందనుకున్నాను. అక్కయ్యకు ఇచ్చిన మాట పోయిందనుకున్నాను.

అప్పుడు నా ఎడమ భుజం కింద వేలు తగిలింది.

మూడు. ఆగి, ఒకటి.

ముందు నీటి చుక్క అనుకున్నాను. పైన చెట్టు లేదు. సంచి తాడు అనుకున్నాను. సంచి కింద రాయి మీద ఉంది. వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. యేసుబాబు కింద, ఆటో పక్కనే, ఫోన్ చూసుకుంటున్నాడు. మళ్ళీ ముందుకు తిరిగాను. మళ్ళీ మొదలైంది. మూడు. ఒకటి. అదే కాయ కాసిన వేలి కొస.

భయం వెయ్యలేదు. వేసి ఉంటే ఇప్పుడు నాకు కొంచెం తేలికగా ఉండేది, భయపడ్డ మనిషికి ఏదైనా తోస్తుందని సరిపెట్టుకునేవాణ్ణి. నాకు ఆ క్షణంలో అది వింతగానే తోచలేదు. అలవాటైన పని. రికార్డరు పట్టుకుని ఎడమకు నడిచాను. అలవాటు కొద్దీ పైకి అంటూ నడిచాను. "మూడు, ఒకటి. మూడు, ఒకటి." ఒకచోట నా కాలి కింద రాయి జారింది. వేలు ఆగిపోయింది. నేనూ ఆగాను. కాసేపటికి వేలు మళ్ళీ మొదలుపెట్టింది. నేనూ మొదలుపెట్టాను. తరవాత కుడి భుజం కింద. తరవాత గట్టిగా. ఇంకా గట్టిగా.

ఒక పలకరాయి ముందు ఆగాను. చుట్టూ అలాంటివి లెక్కలేనన్ని ఉన్నాయి. దాన్నే ఎత్తాను.

కింద రెండు పురుగులు. ఒకటి వెలుతురులోకి, నా వైపే దూకింది. చెయ్యి దాని మీదికి పోయింది.

వీపు మీద అరచెయ్యి ఆనింది. మొత్తం అరచెయ్యి.

నేను ఆగిపోయాను. దూకినవాడు గడ్డిలోకి పోయాడు. రెండోవాడు వెనక్కి వెనక్కి సందులోకి జరుగుతున్నాడు. వాణ్ణి పట్టాను. డబ్బాలో వేసి మూత పెట్టాక గమనించాను, వీపు మీద చెయ్యి లేదు. ఎప్పుడు తీసిందో తెలియదు. అప్పుడు మాత్రం ఆ బండ మీదే కూర్చుండిపోయాను. 

కిందికి దిగితే యేసుబాబు ఆటో లోపల కూర్చుని ఉన్నాడు, ఇంజను ఆన్ చేసి.

"ఎవరితో సార్, మాట్లాడుతున్నారు?"

"లెక్క చెప్పుకుంటున్నా."

"అమ్మగారున్నప్పుడు చెప్పేవారే, అలాగే చెప్తున్నారండి. అంతలో ఆగడం, అంతలో మొదలెట్టడం." ఆటో గేరు వేశాడు. "దెయ్యాల్లాంటివి లేవండి సార్. మా పాస్టరుగారు గట్టిగా చెప్పారు. అయినా నేను ప్రార్థన చేసుకున్నా."

"నాకోసమా?"

"కాదండి. నాకోసం."

ఇంటికొచ్చాక పురుగును గాజు డబ్బాలో పెట్టి, అక్కయ్య వయొలిన్ పెట్టె ఉండే అరలో ఉంచాను. మర్నాడు సాయంత్రం వాడు రెక్కలు ఎత్తాడు. రెక్కలు వణుకుతున్నాయి. రికార్డరు పెట్టాను. గీతలు ఎగిరాయి. మూడు, విరామం, ఒకటి. ఎన్నిసార్లు పాడినా అదే. నా చెవులకు గది ఖాళీగా ఉంది. గదికి వీపు పెట్టి ఎదురుచూశాను. వేలు రాలేదు. ఇంట్లో ఎప్పుడూ రాలేదు.

నేను చదువుకున్నవాణ్ణి కాబట్టి చెయ్యవలసినవి చేశాను. గుట్ట మీది రికార్డింగును కంప్యూటరులో పెట్టి చూశాను. అక్కడ ఎన్నో పురుగుల గీతలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. వాటి మధ్య సన్నగా ఆ తాళం ఉంది. దాని కిందే నా గొంతు గీత. నేను "మూడు" అన్న ప్రతిచోటా పైన మూడు. "ఒకటి" అన్న ప్రతిచోటా ఒకటి. రాయి జారిన చప్పుడు దగ్గర పురుగు ఆగింది, నేనూ ఆగాను. పురుగు మళ్ళీ మొదలైన చోట నేనూ మొదలయ్యాను.

బెజవాడ వెళ్ళి చెవుల పరీక్ష మళ్ళీ చేయించుకున్నాను. చిన్న గదిలో కూర్చోబెట్టి ఒక అమ్మాయి స్వరాలు వినిపించింది. "వినపడినప్పుడు బటను నొక్కండి తాతగారూ" అంది. కొంతసేపు నొక్కాను. తరవాత నొక్కడానికి ఏమీ రాలేదు. ఇంకా మొదలుపెట్టలేదనుకుని కూర్చున్నాను. ఆ అమ్మాయి తలుపు తీసి వచ్చి, అయిపోయిందండీ అంది. ఆ పురుగు పాడే స్వరం నాకు వినపడే అవకాశం లేదని కాగితం మీద గీసి చూపించింది.

కండరం ఎగిరిందంటారా? కండరం పురుగు తాళానికి ఎగరదు. అలవాటు వల్ల ఒంటికి అలా తోచిందంటారా? సరే, తోచింది. ఆ రాయి ఏదో నా ఒంటికి ఎలా తెలుసు? కింద ఉన్న రెండింటిలో ఎవడు పాడినవాడో ఎలా తెలుసు? నాకు నేనే వేసుకున్న ప్రశ్నలివి. 

పురుగును వెంటనే చంపి స్పిరిట్‌లో వెయ్యాలి, పద్ధతి అది. నేను వెయ్యలేదు. దానికి దోసకాయ ముక్కలు పెట్టాను. బతికినన్నాళ్ళు పాడింది. ఒక ఉదయం చూస్తే వెల్లకిలా పడి ఉంది. అప్పుడు స్పిరిట్‌లో పెట్టి, రికార్డింగులతో సహా హైదరాబాదుకు పంపాను.

ఈసారి శైలజగారి ఫోన్ తొందరగా వచ్చింది. ఆమె గొంతు మారింది.

"సార్, రెక్క పళ్ళు ఒక్కటి కూడా విరగలేదండి. వాటి అమరికే వేరు. పాట వేరు. ఇంకా చాలా పని ఉంది, ఇంకా చాలావాటితో పోల్చి చూడాలి. కానీ నాకైతే సందేహం లేదు. అమ్మగారికి నేను క్షమాపణ చెప్పుకోవాలి."

 తరవాత ఆమె మామూలు విషయం అడిగింది. పురుగు సీసా మీద చీటీ ఉంటుంది. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు పట్టారన్నది రాయాలి. ఎవరు పట్టారన్న చోట మీ పూర్తి పేరు ఎలా రాయమంటారు, అని.

"దమయంతి అని రాయండి" అన్నాను.



"సార్, పట్టిన తేదీకి ఆవిడ..."

"తెలుసమ్మా. రాయండి."

"మీ పేరు?"

"పక్కన రాయండి. రెండోది."

శాస్త్రానికి సంబంధించిన కాగితం మీద నేను ఎన్నడూ అబద్ధం రాయలేదు, రాయించలేదు. ఇది అబద్ధమో కాదో తేల్చుకోలేకపోతున్నాను. శైలజగారు అలా రాశారో లేదో కూడా నేను మళ్ళీ అడగలేదు.

గుట్ట ఇప్పుడు లేదు. ఆ వైపు వెళ్ళే దారిలో లారీలు తిరుగుతాయి, ఆకుల మీద తెల్లటి దుమ్ము. ఆ పురుగు ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలియదు. ఉన్నా నాకు వినపడదు.

దెయ్యాల మీద నాకు ఇప్పటికీ నమ్మకం లేదు. ఆ సాయంత్రం నా వీపు మీద ఉన్నదేమిటో చెప్పమంటే చెప్పలేను. ఇది రాస్తున్నప్పుడు కూడా వానపడి వెలిసింది. పెరటివైపు కిటికీలు తెరిచి ఉంచాను. పక్కింటావిడ మొన్న మెత్తటి కుర్చీ ఒకటి పంపింది, ఈ వయసులో నడుము ఆనించుకోండి మాస్టారూ అని. తీసుకున్నాను. అందులోనే కూర్చున్నాను.

వీపు మాత్రం ఆనించలేదు. ఇదివరకు నాన్నగారి కోసం ఆనించేవాణ్ణి కాదు. ఇప్పుడు, అక్కయ్య వస్తే చోటుండాలని.